శనివారం పొదగేసిన గుడ్లు

కోడిగుడ్డుకి వారాలు తెలుసన్న సంగతి హేచరీలో పనికి చేరేదాకా నాకు తెలీదు. ఆదివారం పొదగేస్తే మూడు వారాలకి మళ్ళీ ఆదివారమే పిల్ల బయటికొస్తుంది. సోమవారం వేస్తే సోమవారమే. మిషన్లో వేడి సరిగ్గా ఉంటే చాలు, ఎవరి వారం వాళ్ళదే, పక్క వారంలో కాలు పెట్టవు. మా నలుగురికీ తిండి పెట్టిన లెక్క అదొక్కటే. ఆ ఎండాకాలం మా కొంప ముంచిన లెక్కా అదే.

నలుగురం అంటే నేను, మా అన్నయ్య, నా స్నేహితురాలు గువ్వ, ఇంకా కళ్ళజోడు. గువ్వ అసలు పేరు వేరే. పిట్టంత మనిషి కాబట్టి మందిరంలో అందరూ అలా పిలిచి పిలిచి అసలు పేరు మర్చిపోయారు. కళ్ళజోడుకి ఆ పేరెందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. నలుగురం ఒకే ప్రార్థనా మందిరానికి వెళ్ళేవాళ్ళం. మాకు శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం పొద్దు గుంకేదాకా విశ్రాంతి దినం. ఆ వేళల్లో పని చెయ్యం. ఇది వినడానికి బాగానే ఉంటుంది. లోకంలో పనులన్నీ శనివారం మీదే ఆధారపడి ఉన్నాయని పని వెతుక్కునేవాళ్ళకే తెలుస్తుంది. దుకాణాలకి బేరాలు శనివారమే. ఫ్యాక్టరీల్లో సరుకు ఎత్తేది శనివారమే. నేనైతే చదువు చివరి పరీక్ష శనివారం పడిందని రాయకుండా వచ్చేసి, పట్టా లేకుండా ఇంట్లో కూర్చున్న దాన్ని. కళ్ళజోడు ఎన్ని చోట్ల చేరి, ఎన్ని చోట్ల మొదటి శనివారానికే మానేశాడో వాడికే గుర్తులేదు.

అన్నయ్య ఒక్కడే హేచరీలో మిషన్ల పని నేర్చుకుని కుదురుకున్నాడు. ఓనరు గారికి అన్నయ్య చెయ్యంటే గురి. గుడ్లు ఆదివారం పొదగేద్దాం, శనివారం ఒక్క పూట మిషను చూసే పని మీరు పెట్టుకోండి అని అన్నయ్య అడిగితే ఆయన ఒప్పుకున్నారు. మేం ముగ్గురం కూడా అన్నయ్య వెనకాలే అందులో చేరాం. గుడ్లు తుడవడం, ట్రేల్లో పేర్చడం, పిల్లల్ని తీసి, కుంటివాటిని పక్కకి పెట్టి, మందు చుక్క వేసి, పెట్టెల్లో సర్దడం. ఆ షెడ్డులో ఎప్పుడూ ఒక వెచ్చని పచ్చి వాసన ఉండేది. ఇంటికొచ్చి ఎన్నిసార్లు తల రుద్దుకున్నా పోయేది కాదు. అయినా నాకు ఆ పని ఇష్టం. పిల్ల మొదటిసారి కాళ్ళ మీద నిలబడి, అటూ ఇటూ చూసి, నన్నే తప్పుపడుతున్నట్టు అరుస్తుంటే నాకు నవ్వాగేది కాదు.

ఎండలు ముదిరే రోజుల్లో ఓనరు గారు రెండో మిషను కొన్నారు. పెద్దది. అది బిగించిన రోజు మమ్మల్ని నలుగుర్నీ పిలిచి నిలబెట్టి, నేల చూపులు చూస్తూ విషయం చెప్పారు. పిల్లల్ని కొనేవాళ్ళంతా ఆదివారం పొద్దుటికి ఫారాల్లో దించుకోవాలంటున్నారట. కాబట్టి కొత్త మిషన్లో ప్రతి శనివారం గుడ్లు వేయిస్తారట, కూలీలతో. పొదగేయడానికి పెద్ద నేర్పక్కర్లేదు. కానీ పిల్లల్ని తీసేరోజు తెలిసిన చేతులు కావాలి.

"మీ దేవుడితో నాకు తగాదా లేదు," అన్నారాయన. "ఇన్నాళ్ళూ మీ మాట నేను విన్నాను. ఇప్పుడు నా మాట మీరు వినాలి. మూడు వారాలుంది, ఆలోచించుకోండి. ఆ శనివారం రానివాళ్ళని మిగతా రోజులకీ ఉంచుకోలేను."

చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాళ్ళం. ఆయన మంచివాడు కావడమే మా ప్రాణం మీదికొచ్చింది.

ఇంట్లో నాన్నకి చెప్పింది నేనే. మా ఇంట్లో కబుర్లు మోసే పనులన్నీ నావే. నాన్న దర్జీ. ముందుగదిలోనే కుట్టుమిషను, గోడకి కొలతల టేపు, పక్కనే మందిరం తాళాలు. సంఘానికి ఆయనే పెద్ద. పాస్టరు గారు ఎప్పుడో గాని రారు కాబట్టి పెళ్ళయినా చావయినా నాన్నే ముందు నడవాలి. నేను చెప్పిందంతా విని ఆయన సూదిలో దారం ఎక్కించి, ముడేసి, కుట్టడం మొదలుపెట్టారు. తల ఎత్తకుండానే అన్నారు.

"మీరు చిన్నపిల్లలు కారు. వెళ్ళొద్దని కాళ్ళు కట్టెయ్యను. వెళ్ళినవాళ్ళు మాత్రం శుక్రవారం సాయంత్రం నా పక్కన కూర్చోనక్కర్లేదు."

శుక్రవారం సాయంత్రం అంటే మా ఇంట్లో ఏమిటో బయటివాళ్ళకి తెలీదు. అమ్మ మధ్యాహ్నమే వంట ముగించేది. పొద్దు గుంకే వేళకి అందరం స్నానాలు చేసి బల్ల చుట్టూ చేరేవాళ్ళం. వారమంతా పలకరింపుకి కూడా తీరిక లేని నాన్న, ఆ పూట అన్నయ్య భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేవారు. అన్నయ్య మీసాలొచ్చిన మనిషి, అయినా ఆ చెయ్యి కింద చిన్నపిల్లాడిలా ఒదిగి కూర్చునేవాడు. మా ఇంట్లో ఉన్న ఆస్తి అదే. నాన్న ఆ మాట అనగానే వంటింట్లోంచి అమ్మ, "పక్కన కూర్చోకపోతే నా నెత్తి మీద కూర్చుంటారా, ఉన్నదే ఒక బల్ల," అంది గాని, ఆ వేళాకోళానికి ఎవరూ నవ్వలేదు.

ఆ వారంలోనే శనివారం ఆరాధన అయ్యాక మందిరం వెనక మెట్ల మీద నలుగురం కూర్చున్నాం. కళ్ళజోడు, తను పని మానేస్తానన్నాడు. అలవాటైన పనే కాబట్టి వాడికి పెద్ద నొప్పి లేదనుకున్నాను గాని, మాట పూర్తికాకుండానే అద్దాలు తీసి చొక్కాతో తుడవడం మొదలుపెట్టాడు. గువ్వ తను వెళ్తానంది. వాళ్ళమ్మకి చూపు లేదు, వెనక ముగ్గురు చిన్నవాళ్ళు, ఇంటికి వచ్చేది గువ్వ చేతి మీద వచ్చేదే.

"పశువుకి ఆపదొస్తే ఆ రోజు చెయ్యి వెయ్యొచ్చని పెద్దాయనే చెప్తారుగా," అంది గువ్వ. "అవీ ప్రాణాలేగా? తియ్యకపోతే చస్తాయిగా?"

"తియ్యడం వరకూ సరే," అన్నాడు కళ్ళజోడు. "పెట్టెల్లో సర్ది లారీ ఎక్కించడం ఆపద తీర్చడమా?"

"నన్ను తిట్టుకోండి. నేను మాత్రం వెళ్తాను," అని గువ్వ ఏడ్చింది.

నా సంగతి అడిగారు. ఒక పరీక్ష ఇచ్చేశాను ఆ రోజు కోసం, ఇంకెంత ఇవ్వాలి అని లోపల కడుపు మండిపోతోంది. అది పైకి అంటే ఎక్కడ దేవుడికి వినిపిస్తుందోనని భయం. హేచరీ పోతే మాకు తట్టడానికి ఇంకో గుమ్మం లేదు. హేచరీ ఉండాలంటే ఆ బల్ల దగ్గర చోటు వదులుకోవాలి. ఎటు చూసినా గోడే. అన్నయ్య మాత్రం అంతసేపూ మెట్టు మీద పుల్లతో గీతలు గీస్తూ కూర్చున్నాడు. చివరికి లేచి, "ఇంకా సమయం ఉంది. అందాకా ఎవరూ ఏదీ తేల్చుకోవద్దు," అన్నాడు. ఆ మాటని మేం విశ్వాసం అనుకున్నాం.

తర్వాత రోజుల్లో సంఘమంతా మా కోసం ఉపవాసాలుంది. కళ్ళజోడైతే ఉపవాసం మొదటి రోజు సాయంత్రానికే కళ్ళు తిరిగి గుడ్ల ట్రే మీద పడబోతే, గువ్వ చొక్కా పట్టుకుని ఆపింది. నాన్న ఎవరి కొలతలు తీస్తున్నా పెదాలు కదులుతూనే ఉండేవి. అన్నయ్య తిండి తగ్గింది, మాట తగ్గింది. ఎప్పుడు చూసినా కొత్త మిషను ముందే నిలబడేవాడు. దాని గాజు కిటికీకి నుదురానించి చూస్తూ ఉండేవాడు. ప్రార్థన చేస్తున్నాడని నేను పక్కకి తప్పుకునేదాన్ని.

ఆ శనివారం రానే వచ్చింది. పొద్దున్నే లేచి చెప్పులేసుకున్నాను, విప్పాను, మళ్ళీ వేసుకున్నాను. నాన్న గుమ్మంలో నిలబడి, వస్తున్నావా అన్నట్టు చూశారు. ఆయన పక్కన నడిచాను. ఏదో గొప్ప నిర్ణయం తీసుకుని కాదు, ఆయన పక్కన నడుస్తూ ఇంకో వీధిలోకి తిరగడానికి కాళ్ళు రాక. అన్నయ్య మా వెనకే వచ్చాడు. కళ్ళజోడు ముందే వచ్చి కూర్చున్నాడు. గువ్వ చోటు ఖాళీగా ఉంది. అందరూ ఆ ఖాళీని చూసి చూడనట్టు చూస్తున్నారు.

పాట సగంలో ఉండగా గువ్వ పరిగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు. రొప్పుతూ నడవ మధ్యలో నిలబడి, "ఒక్క గుడ్డు కూడా పగల్లేదు," అంది. "ఓనరు గారు మిషను తలుపు తీసి చూసి, గేటు దగ్గరికొచ్చి చెప్పారు. ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు. కూలీలనీ పంపించేశారు. మనల్ని రేపు రమ్మన్నారు."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ మందిరం ఎలా గగ్గోలయిందో నేను చెప్పలేను. నాన్న మోకాళ్ళ మీద పడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చారు. నాన్న ఏడవగా చూడటం నాకదే మొదలు. ముందు వరసలో కూర్చునే ముసలమ్మ ఒకావిడ, గుడ్లు కూడా విశ్రాంతి దినం పాటించాయని అంటే అందరూ ఏడుస్తూనే నవ్వారు. గువ్వ నన్ను కావలించుకుని, "నేను గేటు దాకా వెళ్ళానే, దేవుడే నన్ను వెనక్కి పంపాడు," అని చెవిలో పదే పదే చెప్పింది. నేనూ ఏడ్చాను. నా పరీక్ష వృథా కాలేదనుకున్నాను. అన్నయ్య తల వంచుకునే కూర్చున్నాడు. నాన్న అతని దగ్గరికి వెళ్ళి నెత్తి మీద ముద్దు పెట్టుకుంటే, ఆ తల ఇంకా కిందికి దిగింది.

ఆదివారం పొద్దున్న మిషను తలుపు తీశాం.

బయటికొచ్చినవి కొన్నే. అవీ నిలబడలేక కాళ్ళు చెరో పక్కకి చాపుకుని పడి ఉన్నాయి. పొట్టలు ఉబ్బి, బొడ్లు మూసుకోక తడితడిగా ఉన్నాయి. మిగతావి పెంకుకి చిన్న చిల్లు పెట్టి, ఆ చిల్లులోంచి ముక్కు మాత్రం బయటపెట్టి ఆగిపోయాయి. వాటికి ఇంకా ఊపిరి ఆడుతోంది. అరుపు వస్తోంది గాని, బలం లేదు. ట్రే తరవాత ట్రే లాగాం, అన్నీ అంతే. గువ్వ ఓ గుడ్డు చేతిలోకి తీసుకుని గోళ్ళతో పెంకు ఒలవబోయింది. లోపల పొర పిల్లకే అంటుకుపోయి, పొరతో పాటు రక్తం వచ్చింది. తను ఒలిచిన మొదటి పిల్ల తన చేతిలోనే తల వాల్చేసింది. అయినా ఆపలేదు, ఇంకోటి తీసుకుంది. నేనూ ఒలిచాను. కళ్ళజోడు అద్దాలు తీసి జేబులో పెట్టుకుని ఒలిచాడు. మధ్యాహ్నానికి నా వేళ్ళ సందుల్లో రక్తమూ సొనా ఎండి బిగుసుకుపోయాయి. మేం బతికించినవి ఎన్నో లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఓనరు గారు బోర్లించిన డబ్బా మీద తల పట్టుకుని కూర్చున్నారు. మా మీద అరుస్తారనుకున్నాను. ఆయన గొంతు పోయినవాడిలా చిన్నగా మాట్లాడారు. "మీ దేవుడి రోజుతో పెట్టుకున్నాను. నాకిలాగే కావాలి," అన్నారు. ఇక నుంచి మా నలుగుర్నీ శనివారం రావద్దన్నారు. ఆ రోజు కూలీలే తీస్తారు, వచ్చినన్ని వస్తాయి, పోయినన్ని పోతాయి, మీ జోలికి మాత్రం నేను రానన్నారు. మేం మూడు వారాలు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిన మాట అది. ఆ కంపులో, ఆ అరుపుల మధ్య మాకు దొరికింది.

షెడ్డు వెనక అన్నయ్య గొయ్యి తవ్వుతున్నాడు. బుట్ట తీసుకెళ్ళి పక్కన పెట్టాను. బుట్టలో ఇంకా కదులుతున్నవి ఉన్నాయి. వేడి తగ్గితే పిల్ల ఆలస్యంగా వస్తుందనీ, అలా వచ్చినదానికి బొడ్డు మూసుకోదనీ, పొట్ట ఉబ్బి ఉంటుందనీ నాకు నేర్పింది అన్నయ్యే. పొద్దుటి నుంచీ ఆ పొట్టలు చూస్తూనే ఉన్నాను. ఆ ఆలోచనని వచ్చిన ప్రతిసారీ వెళ్ళగొడుతూనే ఉన్నాను.

"ఎంత తగ్గించావు?" అన్నాను.

గునపం ఆగింది. అన్నయ్య నా వైపు తిరగలేదు.

"ఒక్క డిగ్రీ," అన్నాడు. "ఒక్క రోజు ఆలస్యమైతే చాలనుకున్నాను. ఆలస్యమే అవుతుందనుకున్నాను చెల్లాయ్."

గొయ్యి అంచున కూలబడ్డాను. అతన్ని కొట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనిపించింది, రెండూ చెయ్యలేకపోయాను. ఇప్పుడే వెళ్ళి ఓనరు గారికి చెప్పేద్దాం అన్నాను. అన్నయ్య చాలాసేపు బుట్టలోకే చూశాడు. చెబితే ఆయన భయం పోతుందన్నాడు. ఆ భయం మీదే మీ ముగ్గురి శనివారాలూ నిలబడ్డాయన్నాడు. గువ్వ మళ్ళీ ఆ గేటు దగ్గరికి నడవాలి, కళ్ళజోడు మళ్ళీ రోడ్డున పడాలి. "నేను చేసింది నాతోనే ఉండనీ. నువ్వు నోరు మెదపనని ఒట్టెయ్యి," అన్నాడు. మేం ఒట్లు వెయ్యం, అది మా నమ్మకానికి విరుద్ధం. ఆ రోజు వేశాను.

తర్వాతి శనివారం అన్నయ్య మందిరానికి రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. సాయంత్రం ఒంటి నిండా ఆ వాసనతో ఇంటికొచ్చాడు. నాన్న గుమ్మంలోనే ఆపి, ఎక్కడికి వెళ్ళావని అడిగారు. పనికి వెళ్ళానన్నాడు. ఓనరు పిలిచాడా? లేదు. మరి? అన్నయ్య చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. కూలీలకి చేతకాక పిల్లలు నలిగిపోతున్నాయని, తనే వెళ్ళి నిలబడ్డాడని, ఆ రోజు కూలి ముట్టుకోలేదని నాకు తెలుసు. నాన్నకి తెలీదు. ఆయనకి తెలిసిందల్లా, దేవుడు గుడ్లని సైతం ఆపి కాపాడిన కొడుకు ఆ మరుసటి వారమే తనంతట తాను పోయి పనిలో పడ్డాడని.

"ఎందుకురా?" అన్నారు నాన్న. తిట్టలేదు. నిజంగా అర్థంకాక అడిగారు.

"ఆ రోజు కూర్చోలేను నాన్నా," అన్నాడు అన్నయ్య. "కూర్చుంటే నాకు వినిపిస్తున్నాయి."

అది నాన్నకి పిచ్చిమాటలా తోచింది. ఆ తర్వాతి శుక్రవారం పొద్దు గుంకే వేళకి అన్నయ్యే పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. నాన్న అలవాటుగా చెయ్యి ఎత్తి, పక్కన ఎవరూ లేక, ఆ చేతిని బల్ల మీద పెట్టుకున్నారు. ఆ ఎండాకాలంలో శుక్రవారాలన్నీ అలాగే గడిచాయి. అమ్మ ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి అలిసిపోయి, "ఇద్దరు మగాళ్ళకీ నోటికి తాళాలు పడ్డాయి సరే, ఈ వాగుడుకాయకేం మాయరోగమొచ్చింది," అని నన్ను పట్టుకుంది. నాకు ముద్ద దిగేది కాదు. ఒట్టు గొంతులో అడ్డం పడింది.

గువ్వ ఇంకా నరకం చూపించింది నాకు. ఆ శనివారం తర్వాత తను పూర్తిగా మారిపోయింది. గేటు దాకా వెళ్ళిన తనని దేవుడు వెనక్కి పంపిన కథ మందిరంలో నిలబడి సాక్ష్యం చెప్పింది. కన్ను కనపడని వాళ్ళమ్మకి రోజూ చెప్పేది. పక్క ఊళ్ళ సంఘాలు కూడా పిలిపించుకుని చెప్పించుకున్నాయి. చెప్పిన ప్రతిసారీ తన మొహం వెలిగిపోయేది. అన్నయ్య మీద మాత్రం నిప్పులు కక్కేది. కళ్ళారా అద్భుతం చూసి కూడా శనివారం పనికి పోయేవాడు మనిషేనా అని నా మొహం మీదే అడిగేది. వినేదాన్ని.

సంఘం పద్ధతి ప్రకారం అన్నయ్య దగ్గరికి పెద్దలు రెండుసార్లు వచ్చి మాట్లాడారు. రెండుసార్లూ అతను వాళ్ళకి మంచినీళ్ళిచ్చి, తల వంచుకుని విని, శనివారం రాగానే హేచరీకి వెళ్ళిపోయాడు. ఎండలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో, ఒక శనివారం ఆరాధన అయ్యాక నాన్న లేచి, సంఘం పట్టిలోంచి పేరు తీసే విషయం ఒకటుందని చెప్పి, సొంత కొడుకు పేరు పైకి చదివారు. ఆ బాధ్యత వేరేవాళ్ళకి ఇవ్వొచ్చు. ఆయన ఇవ్వలేదు. గొంతు వణక్కుండా చదవాలని ముందురోజంతా ముందుగదిలో గొణుక్కుంటూ చదువుకోవడం నేను విన్నాను.

"ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి," అన్నారు.

అందరికన్నా ముందు గువ్వ చెయ్యి లేచింది. తర్వాత ఒక్కొక్కటీ లేచాయి, మెల్లగా, ఇష్టం లేకుండా. కళ్ళజోడు చెయ్యి సగం ఎత్తి దించి మళ్ళీ ఎత్తాడు. అమ్మ చేతులు రెండూ ఒళ్ళో గట్టిగా పెనవేసుకుని ఉన్నాయి. నాన్న అందరి చేతులూ చూసి, తన చెయ్యి ఎత్తడం మొదలుపెట్టారు. శుక్రవారాల్లో అన్నయ్య భుజం మీద ఉండే చెయ్యి అది. అది గాలిలోకి లేవడం నేను చూడలేకపోయాను.

నిలబడ్డాను. నిలబడ్డాక గాని నాకు తెలీలేదు నిలబడ్డానని.

"నాన్నా, ఆ గుడ్లని ఆపింది దేవుడు కాదు," అన్నాను. "అన్నయ్య. మిషన్లో వేడి తగ్గించాడు, ఆ రోజు మాకు పని పడకూడదని. అవి చచ్చిపోయింది అందుకే. అందుకే ఇక్కడ కూర్చోలేక అక్కడికి పోతున్నాడు."

ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి. ఎవరికీ దించాలని తట్టలేదు. నాన్న చెయ్యి ఎక్కడిదక్కడ ఆగి, మెల్లగా కిందికొచ్చి, ముందున్న బల్ల అంచుని పట్టుకుంది. ఆయన మొహంలో కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. అద్భుతం జరిగిన రోజు ఏడ్చిన ఏడుపంతా గుర్తొచ్చిందేమో, ఒక్కసారిగా ముసలివాడైపోయారు. ముగింపు ప్రార్థన కూడా చెయ్యకుండా వేదిక దిగి, తలుపు తీసుకుని నడిచారు. వెనకే నేను, కళ్ళజోడు.

గువ్వ బయట నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అయితే నన్ను వెనక్కి పంపింది మీ అన్నయ్యా?" అంది. "ఊరూరా తిరిగి చెప్పానే. మా అమ్మకి చెప్పానే." ఆ గొంతు నాకిప్పటికీ వినిపిస్తుంది. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. తను చెయ్యి వదిలేసి, ఎండలో ఇంటి దారి పట్టింది.

హేచరీ షెడ్డులో అన్నయ్య ట్రేలు లాగుతున్నాడు. ఇద్దరు కూలీలు పిల్లల్ని పెట్టెల్లోకి ఎత్తుతున్నారు. గుమ్మంలో కోటుతో నాన్నని చూడగానే అన్నయ్య చేతుల్లో ట్రే అలాగే ఉండిపోయింది. నా మొహం చూశాడు, అంతా తెలిసిపోయింది.

"ఆయనకి చెప్పావా?" అన్నారు నాన్న.

"లేదు నాన్నా."

"చెప్పు."

అన్నయ్య ట్రే దించి, చేతులు తుడుచుకుని, ఓనరు గారి గదిలోకి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది గాని మాటలు వినపడలేదు. కాసేపటికి ఓనరు గారు బయటికొచ్చారు. మమ్మల్ని దాటుకుని వెళ్ళి, కొత్త మిషను తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "ఇన్నాళ్ళూ దేవుడికి భయపడుతున్నాననుకున్నాను," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. తాళంచెవులు మేకుకి తగిలించి వెళ్ళిపోయారు.

రేపటి నుంచి నలుగుర్లో ఎవరూ రావక్కర్లేదన్నారట. ఈ పిల్లల్ని మాత్రం తీసి, కడిగి, తాళం వేసి పొమ్మన్నారట. అన్నయ్య అది చెప్తుంటే కళ్ళజోడు గోడకి ఆనుకుని అలా కిందికి జారి కూర్చున్నాడు. ఆ మాట గువ్వకి ఎవరు చెప్పాలి అని నేను ఆలోచిస్తున్నాను. చెప్పాల్సింది నేనే. మా నలుగురి నోటి దగ్గర కూడు నా నోటితోనే పోయింది. తప్పు చేశానని మాత్రం నాకనిపించలేదు.

కూలీలు పొద్దు వాలుతుండగా చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. ఇంకా సగం ట్రేలు మిషన్లోనే ఉన్నాయి. "నువ్వు ఇంటికి పో నాన్నా, ఇవి వదిలి నేను రాలేను," అన్నాడు అన్నయ్య. నాన్న ఓ డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చున్నారు. కోటు గుండీలు కూడా విప్పలేదు. ఒక్క ట్రే మీద చెయ్యి వెయ్యలేదు, ఒక్క పిల్లని ముట్టుకోలేదు, కదలనూ లేదు. అన్నయ్య ఆయన ముందు నుంచే అటూ ఇటూ తిరుగుతూ పని చేస్తున్నాడు. ఆ ఎండాకాలమంతా ఒకే ఇంట్లో ఉండి కూడా ఇద్దరూ అంతసేపు ఒక గదిలో ఉన్నది లేదు. కిటికీలోంచి పడే ఎండ నేల మీది నుంచి గోడ మీదికి ఎక్కి, ఎర్రబడి, సన్నబడి, పోయింది.

పొద్దు గుంకింది. నాన్న లేచి కోటు విప్పి మేకుకి తగిలించారు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచారు. మిషను దగ్గరికి వచ్చి, వీటిని ఎలా పట్టుకోవాలో చూపించమన్నారు. అన్నయ్య ఒక పిల్లని తీసి చూపించబోయాడు. పిల్ల అతని వేళ్ళ సందుల్లోంచి జారిపోబోయింది. నాన్న కింద అరచెయ్యి పట్టి దాన్ని అందుకున్నారు. రెండో చెయ్యి అన్నయ్య భుజం మీద వేసి, మెల్లగా వెనక్కి, ఆ డబ్బా దాకా నడిపించారు.

"నేను తీస్తాను," అన్నారు. "నువ్వు కాసేపు కూర్చోరా."

అన్నయ్య కూర్చున్నాడు.